ఎనిమిది రాడ్లు, ఒక క్రాంకు

జనవరి 11, 2003

షుగరు క్లినిక్కులో నర్సమ్మ ఈ నోటుబుక్కు చేతిలో పెట్టింది. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, రోజూ రాసి నెలకోసారి చూపించాలట. ఎడమ పేజీలో గళ్లున్నాయి, అక్కడ రాస్తాను. కుడి పేజీ పైన ‘గమనికలు’ అని అచ్చేసి వదిలేశారు. ఆ పేజీ మీరు చూస్తారా అని అడిగాను. అంత తీరిక ఎక్కడిది అంది. అయితే కుడి పేజీ నాది.

గమనిక: ఇంజిను బ్లాకు దొరికింది. నా స్నేహితుడు గార్నెట్ మెషిన్ షాపు వెనక మంచులో మూడేళ్లుగా పడున్న మోటారు ఇల్లుబండిలోంచి తీశాం. 454 క్యూబిక్ అంగుళాలది. గార్నెట్ సిలిండర్లు అరవై థౌలు, అంటే అంగుళంలో అరవై వెయ్యో వంతులు, పెద్దవి చేసిచ్చాడు. పగుళ్లు లేవు, తుప్పు లేదు, పెళ్లికూతురిలా ఉంది.

మా ఆవిడ ఆర్డిత్ పందెం కారు నోవాలో పాత ఇంజిను సెప్టెంబరులో చచ్చింది. వయసైపోయి చచ్చింది, అందులో నా తప్పేం లేదు. మే మూడో ఆదివారం కోల్ రన్ ట్రాకులో పందేలు మొదలు. ఆలోపు కొత్తది కట్టి ఆమె చేతిలో పెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆర్డిత్ తోలిన ప్రతి ఇంజినూ నేనే కట్టాను. ఇంకొకడి చేయి పడనివ్వలేదు, పడనివ్వను.

జనవరి 14

పొద్దున్నే గార్నెట్ వచ్చి రెండు గంటలు నా కిరసనాయిలు పొయ్యి దగ్గర కూర్చుని నా కాఫీ తాగి నాతోనే పోట్లాడి పోయాడు. మా కౌంటీలో చర్చిలు పద్నాలుగున్నాయి గానీ మతాలు రెండే. పొడుగు రాడ్డు, పొట్టి రాడ్డు, అదే పిస్టన్‌ని క్రాంకుకి కలిపేది. వాడు పుట్టుకతో పొట్టి రాడ్డువాడు.

పిస్టన్లని పైకీ కిందికీ ఆడించే క్రాంకు విషయంలో మాకు తగువు లేదు. నాలుగంగుళాలు కొట్టే పాత క్రాంకు తీసి నాలుగుంబావు కొట్టేది వేస్తాం. అప్పుడు ఈ బ్లాకే నాలుగొందల తొంభై ఆరు అవుతుంది. క్రాంకు ఎక్కువ కొడితే పిస్టన్ ఎక్కువ పైకొస్తుంది, బ్లాకు నెత్తి దాటి బయటికొచ్చేస్తుంది. అందుకని రాడ్డయినా పొట్టిది వెయ్యాలి, పిస్టనయినా పొట్టిది వెయ్యాలి. తగువంతా అక్కడే.

పొడుగు రాడ్డు వేసి పిస్టన్‌ని పొట్టిగా, తేలిగ్గా ఉంచుకో అంటాను నేను. అంత పొట్టి పిస్టన్‌లో రాడ్డు తగిలించే పిన్ను చోటు చాలక ఆయిల్ రింగు గాడిలోకి దూరుతుందంటాడు వాడు. ఆయిల్ కాలి వచ్చే పొగ చూసి రోములో కొత్త పోపుని ఎన్నుకున్నారనుకుంటారట జనం. నీ పొట్టి రాడ్డు పిస్టన్‌ని పక్కకి నెట్టి సిలిండరు గోడ నాకేస్తుంది, ఆ పిస్టన్ కూడా పిండి డబ్బా అంత బరువుంటుంది అన్నాను. వాడికి కోపం వచ్చింది. నాకు హాయిగా ఉంది.

జనవరి 19

సాయంత్రం చిక్కుడు గింజల సూపు తింటూ ఆర్డిత్‌కి మొత్తం చెప్పాను. ఆమె వారమంతా స్కూలు బస్సు తోలుతుంది, అరవై మంది పిల్లల గోల మధ్య కూడా వెనక చక్రం బేరింగు మూలిగితే వినిపిస్తుంది ఆమెకి. అందుకని చెబుతాను, లేకపోతే చెప్పను.

అంతా విని అంది. “మీ ఇద్దరి మతాలూ నాకొద్దు. తోలేది నేను. వేగం కాస్త తగ్గినా సరే, ప్రతిసారీ ఒకేలా పోవాలి. ఆయిల్ తాగకూడదు. సీజను మధ్యలో విప్పకూడదు. ఈ రెండింటికీ మధ్యది లేదా?”

ఉంది, ఆరు పాయింట్ మూడు ఎనిమిది అయిదు అంగుళాలది, కానీ అది రెంటికీ చెడ్డ రేవడి అన్నాను.

“పెళ్లి కూడా అంతే డెల్మర్. ముప్పై నాలుగేళ్లు నడవలా?” అంది.

జనవరి 20

బాగా ఆలోచించి మధ్య రాడ్డే వెయ్యాలని నిర్ణయించాను. ఆలోచన నాదే.

సగం స్ట్రోకు, అంటే క్రాంకు కొట్టే దాంట్లో సగం, 2.125. రాడ్డు 6.385. పిన్ను నుంచి పిస్టన్ నెత్తికి 1.270. మొత్తం 9.780. బ్లాకు ఎత్తు 9.800. ఇరవై థౌలు లోపలికి ఉంటుంది. ఇంతకంటే చక్కగా కలిసే లెక్క ఉండదు.

జనవరి 23

టెనెసీలో విడిభాగాల కొట్టుకి ఆర్డరు రాసి పోస్టులో వేశాను. ఆ కేటలాగు ఎవడు అచ్చేశాడో గానీ, వరసలన్నీ ఎగుడుదిగుడు. చీమల బారులా ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పోతున్నాయి. కాగితం ఖర్చు మిగుల్చుకోవడానికి అక్షరాలు కూడా బాగా చిన్నవి చేశారు. గరాజులో బల్బులు కూడా సరిపోవడం లేదు. రెండొందల వాట్లవి నాలుగు తెచ్చి పెట్టాను.

కళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తావని ఆర్డిత్ అడిగింది. వచ్చే వారం అన్నాను.

జనవరి 29

పక్కింటి వాళ్ల ఉత్తరాల పెట్టె మరీ రోడ్డు మీదికి జరిపి పాతారు. నా ట్రక్కు అద్దం పోయింది. మనుషులకి బొత్తిగా బుద్ధి లేకుండా పోతోంది.

ఫిబ్రవరి 6

సరుకు వచ్చింది. క్రాంకు చూస్తే ముద్దొస్తోంది. ఒక్క పిస్టన్, ఒక్క రాడ్డు బిగించి తిప్పి చూడటం నా అలవాటు. అట్లాగే తిప్పాను. పిస్టన్ పైకొచ్చింది, ఇంకా వచ్చింది, బ్లాకు నెత్తి దాటింది, ఇంకా వస్తూనే ఉంది. బొటనవేలు ఆనించి చూశాను. పావు అంగుళం బయటికుంది. ఇలా బిగిస్తే పైన మూతే పట్టదు.

రాడ్డు తప్పు పంపారు ముండావాళ్లు. రేపు ఫోనులో వాయిస్తాను.

ఫిబ్రవరి 7

ఫోను ఎత్తింది ఒకమ్మాయి. పేరు జోలీన్ అట. నా కోపమంతా కక్కేదాకా ఆగింది. తర్వాత తాపీగా, “బాబాయ్, మీ ఆర్డరు కాగితం నా ముందే ఉంది. రాడ్డు మీరు రాసిందే పంపాం. పిస్టన్ నంబరు మాత్రం మీరు పై వరసలోది రాశారు. అది పొట్టి రాడ్డుకి వేసేది. మీకు కావలసింది దాని కింది వరస,” అంది.

నేను కింది వరసే రాశానన్నాను. ఇది మీ చేతిరాతే కదా బాబాయ్ అంది. పోనీలెండి, వాడలేదు కాబట్టి మార్చి పంపిస్తాను, ఈసారి వరస కింద స్కేలు పెట్టుకుని చదవండి, మా నాన్న కూడా అట్లాగే చదువుతాడు అని చెప్పింది. వాళ్ల నాన్న వయసెంతో అడగలేదు.

స్కేలు పెట్టి చూశాను. స్కేలే వంకరగా ఉంది. ఉక్కు స్కేలు, 1974లో కొన్నాను. ఎన్ని వేసవులు ఆ కిటికీ దగ్గర పడుందో, ఎండకి వంగుంటుంది.

ఫిబ్రవరి 8

ఉక్కు ఎండకి వంగదు.

ఫిబ్రవరి 21

సరైన పిస్టన్లు వచ్చాయి. ఒకటి బిగించి తిప్పాను. పైకొచ్చి, బ్లాకు నెత్తికి కొంచెం కింద ఆగింది. వేలితో తడిమితే చిన్న మెట్టు. ఇరవై థౌలే. వేలికి తెలుస్తుంది.

గార్నెట్ వచ్చి చూసి మధ్య రాడ్డు వేసినవాడికి స్వర్గం లేదన్నాడు. ఇద్దరం కూర్చుని ఆర్డిత్ చేసిన యాపిల్ పై తిన్నాం. నా ముక్కలో పంచదార లేదు. ఆ సంగతి రెండో ముక్క తిన్నాక చెప్పింది.

మార్చి 4

షుగరు దిగుతోంది. నర్సమ్మ మెచ్చుకుంది. కళ్లు చూపించుకున్నారా అంది. వచ్చే వారం అన్నాను.

మార్చి 15

రాడ్లన్నిటికీ నేనే గుద్దుడు నంబర్లు వేశాను, ఒకటి నుంచి ఎనిమిది దాకా, రాడ్డు మీద ఒకటి, దాని కింద బిగించే క్యాపు మీద ఒకటి. ఒక రాడ్డు క్యాపు ఇంకో రాడ్డుకి వెయ్యకూడదు. మా కౌంటీలో ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు.

ఈరోజు బేరింగుల సందులు కొలిచాను. క్రాంకు గుండ్రానికీ బేరింగుకీ మధ్య ఉండాల్సినంత సందుండాలి. ఎక్కువైతే ఆయిల్ కారిపోతుంది, తక్కువైతే పట్టేస్తుంది. గంటకి నూట ముప్పై మైళ్ల మీద పట్టేస్తే రాడ్డు విరిగి బ్లాకు చీల్చుకుని బయటికొస్తుంది, ఆయిలంతా వెనక టైర్ల కిందికి పోతుంది. ఆ తర్వాత కారు తోలేవాళ్ల చేతిలో ఉండదు.

కొలతలు కాగితం మీద రాసి గోడకి అంటించాను. ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఒకటి, రెండున్నర థౌలు. రెండు, రెండున్నర. మూడు, రెండున్నర. నాలుగు, రెండున్నర. అయిదు, రెండున్నర. ఆరు, రెండున్నర. ఏడు, రెండున్నర. ఎనిమిది, రెండున్నర.

ఎనిమిదికి ఎనిమిదీ ఒకటే. నా జన్మలో ఇలా రాలేదు. చేయి ఇంకా బాగానే ఉంది.

మార్చి 16

కింది భాగం మొత్తం బిగించాను. క్రాంకు తిప్పితే ఒకచోట కాస్త బరువుగా ఉంది. రింగులు కొత్తవి కదా.

మార్చి 18

ఇంకోసారి తిప్పాను. అదే చోట బరువు. కొత్త రింగులు.

మార్చి 22

రింగులే.

మార్చి 30

మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక ఆర్డిత్ నోవా మీది దుప్పటి తీసింది. ఇంజిను లేని కారులో ఎక్కి కూర్చుంది. కొత్త బెల్టులు తెచ్చింది, అయిదు పట్టీలు, అవి బిగించుకుంది. హెల్మెట్ పెట్టుకుంది. కళ్లు మూసుకుని స్టీరింగు పట్టుకుంది. ప్రతి ఏడూ సీజను ముందు ఇలాగే చేస్తుంది. దీపాలు వెలగడం, కాలు లేపడం, గేరు పడటం, అన్నీ మనసులో చేసుకుంటుంది. కుడి మోకాలు కదులుతూ ఉంటుంది.

నేను బల్ల దగ్గర నిలబడి తుడిచిన పానానే తుడుస్తున్నాను. ఇంజిను స్టాండు మీద ఉంది, కారుకి నాలుగడుగుల దూరంలో. ఆమె మోకాలి వైపే చూస్తూ నిలబడిపోయాను. తర్వాత బయటికి పోయి దొడ్లో నిలబడ్డాను. చలి బాగానే ఉంది.

మార్చి 31

నేను కొలవలేదు.

మైక్రోమీటరు పట్టుకున్న మాట నిజం. తిప్పిన మాట నిజం. గీతలు కనిపించలేదు. రెండొందల వాట్ల బల్బు కింద కూడా ఆ గీతలు అలుక్కుపోయి ఉన్నాయి. మొదటిది ఎంతుండాలో అంత రాశాను. రెండోది కూడా అంతే. తర్వాత చెయ్యి దానంతటదే రాసుకుపోయింది.

ఏప్రిల్ 2

నిన్ననే చెబుదామనుకున్నాను. ఏప్రిల్ ఫస్టున చెబితే ఏమనుకుంటుందో అని ఆగాను. అదీ ఒక సాకే.

ఈరోజు ఆర్డిత్ బస్సు డిపోలో పెట్టి ఇంటికొచ్చి బూట్లు విడుస్తుంటే చెప్పేశాను. “ఆర్డిత్, గరాజులో గోడ మీద అంటించిన కాగితం ఉంది చూడు. ఆ అంకెలు నేను చూసినవి కావు.”

“మరి?”

“ఉండాల్సినవి.”

“ఎన్ని?”

“ఎనిమిదీ.”

అరుస్తుందనుకున్నాను, అరిచి ఉంటే బాగుండేది. “కనపడటం లేదని నాకెప్పుడో తెలుసు డెల్మర్. ఉత్తరాల పెట్టె గుద్దిన రోజే తెలుసు. నీ నోటితో నువ్వే చెబుతావని ఆగాను. కానీ ఇంజిను దగ్గర మాత్రం నువ్వు అబద్ధం ఆడవనుకున్నాను,” అంది. కోటు విప్పకుండానే వంటింట్లోకి పోయింది.

నేను ఎంత సిగ్గుపడ్డానో ఇక్కడ రాయలేను. నలభై ఏళ్లుగా నా చేతి పని చూసుకుని గర్వపడ్డవాణ్ని. ఆ గర్వం కోసమే ఆమెని ఆ ఇంజిను వెనక కూర్చోబెట్టబోయాను.

ఏప్రిల్ 3

మాట్లాడలేదు. నా సూపు బల్ల మీద పెట్టి పోయింది.

ఏప్రిల్ 4

మాట్లాడలేదు. కొలంబస్‌లో కళ్ల డాక్టరుకి ఫోను చేసి టైము తీసుకుంది, అది గోడ అవతలి నుంచి విన్నాను.

ఏప్రిల్ 8

కొలంబస్ పోయి వచ్చాం. ఆర్డిత్ సెలవు పెట్టి తీసుకుపోయింది. దారంతా రేడియో.

డాక్టరమ్మ చిన్నదే, మా బస్సులో ఎక్కే పిల్లలా ఉంది. గళ్ల కాగితం చూపించి గీతలు ఎలా ఉన్నాయంది. నడుమ వంగిపోయి ఉన్నాయన్నాను. అవి తిన్ననివే అంది. షుగరు వల్ల కంటి వెనక నీరు చేరిందట, రెండు కళ్లలోనూ, కుడిది ఎక్కువ. లేజరుతో ఆపవచ్చు. పోయిన చూపు మొత్తం తిరిగొస్తుందని మాటివ్వలేనంది. ఎడమ కన్ను కొంత తేరుకోవచ్చు. ఉన్నది నిలుపుకోవడం ఖాయంగా చెయ్యొచ్చంది. ఇంకో ఆరు నెలలు ఆలస్యమైతే ఈ మాట కూడా చెప్పలేకపోయేదాన్ని అని ఆర్డిత్ వైపు తిరిగి చెప్పింది, నాకు కాదు.

ఇక మైక్రోమీటరు చదవగలనా అని అడిగాను. అదేమిటో ఆమెకి తెలియదు. చేతులతో చూపించి చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

అదే రోజు ఎడమ కంటికి లేజరు చేశారు. తిరిగొచ్చేటప్పుడు రేడియో కట్టేసి ఆర్డిత్ అంది. “శనివారం నాకు పనేం లేదు. ఎలా కొలవాలో నేర్పించు.”

ఈ పేజీ నుంచి లావు మార్కరుతో రాస్తున్నాను. పేజీకి పది వరసలు పడుతున్నాయి. ఏం ఫరవాలేదు, ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి.

ఏప్రిల్ 12

పొద్దున ఎనిమిదింటికి ఆర్డిత్ నా పాత ఏప్రను కట్టుకుని గరాజులోకొచ్చింది. ముందుగా గోడ మీది కాగితం చింపింది. తర్వాత అడిగింది, “కొలవడం సంగతి తర్వాత. నీ చెయ్యి ఏం చెబుతోంది? నిజం చెప్పు.”

క్రాంకు తిప్పితే ఒకచోట బరువుగా ఉందన్నాను. ఎప్పటి నుంచి అంది. బిగించిన రోజు నుంచి. మరెందుకు విప్పలేదంది. నేను పానా అందుకున్నాను.

విప్పాం. నేను చేత్తో, ఆమె కంటితో. అయిదో రాడ్డు, ఆరో రాడ్డు క్రాంకు మీద ఒకే మెడని పక్కపక్కన పట్టుకుని ఉంటాయి. ఆమె ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూసింది. రాడ్డు మీద అయిదుంది, క్యాపు మీద ఆరుంది అంది. పక్కది చూసింది. రాడ్డు మీద ఆరు, క్యాపు మీద అయిదు.

రెండు క్యాపులూ తారుమారు చేసి బిగించాను. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

బేరింగులు తీసి చూస్తే, ఊరికే చేత్తో తిప్పినందుకే ఒక పక్క మెరిసిపోయి ఉన్నాయి. స్టార్టు చేసి ఉంటే ఎన్ని నిమిషాలు ఆగేదో. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆర్డిత్ ఆ బేరింగు ముక్కని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. నాలుగు మాటలు అంటుందనుకున్నాను.

“వేళ్లు సరిగ్గానే చెప్పాయి నీకు. నువ్వే వినలేదు,” అంది. లే, నేర్పించు అంది.

ఏప్రిల్ 13

గార్నెట్‌ని పిలిచి ఆ రెండు రాడ్లూ వాడి షాపులో చూపించాం. గుండ్రం చెడలేదు. వాటికి కొత్త బేరింగులు వాడే ఇచ్చాడు. వాడికి అంతా చెప్పాను. ఊరంతా నవ్వుతుందనుకున్నాను గానీ వాడు నవ్వలేదు. తన బ్యాగులోంచి భూతద్దం బిగించిన కళ్లజోడు తీసి చూపించాడు. మూడేళ్లుగా అది లేకుండా వాడు ఏమీ కొలవడం లేదట. పొట్టి రాడ్డువాళ్లకి దాచుకోవడం చేతకాదు అన్నాను. అప్పుడు నవ్వాడు.

చర్చి మానేసి పగలంతా కొలిచాం. మైక్రోమీటరు మరీ బిగించకు, తలుపు గొళ్లెం కాదు అన్నాను. నీ పెళ్లాన్ని పట్టుకున్నట్టు పట్టుకోమంటావా అంది. మూడుసార్లు కొలిచి మూడూ ఒకటైతేనే రాయమన్నాను. ఆమె అయిదుసార్లు కొలిచింది.

ఆర్డిత్ చదివినవి. ఒకటి, ఇరవై మూడు పదివేలవ వంతులు. రెండు, ఇరవై ఆరు. మూడు, ఇరవై అయిదు. నాలుగు, ఇరవై నాలుగున్నర. అయిదు, ఇరవై ఏడు. ఆరు, ఇరవై నాలుగు. ఏడు, ఇరవై రెండు. ఎనిమిది, ఇరవై ఆరున్నర.

ఏ రెండూ ఒకటి కావు. అన్నీ ఉండాల్సిన హద్దులోనే ఉన్నాయి. ఈ కాగితం గోడకి అంటించింది ఆమే, కింద సంతకం కూడా పెట్టింది.

మళ్లీ బిగించి తిప్పాను. చుట్టూ ఒకటే తీరు. కళ్లు మూసుకుని తిప్పాను, అప్పుడింకా బాగా తెలిసింది. ఆర్డిత్ కూడా తిప్పింది. వెన్నలా ఉందంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఇంజిను కింది భాగం ఆమె చేత్తో తిప్పడం ఇదే మొదటిసారి. నేనెప్పుడూ పిలవలేదు కదా.

ఏప్రిల్ 20

ఈస్టరు. పంది తొడ మాంసం కాల్చింది. కుడి కంటికి మంగళవారం లేజరు.

మే 3

స్టార్టు చేశాం. కొత్త ఇంజిను మొదటిసారి రాజుకుంటే, ఇరవై నిమిషాల పాటు, నిమిషానికి రెండు వేల చుట్లకి తగ్గకుండా పట్టాలి. తగ్గిస్తే కామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది. ఆర్డిత్ కారులో కూర్చుని పెడల్ పట్టింది, నేను బయట నిలబడి విన్నాను. మీటరు నాకు కనపడదు. ఆయిల్ ఒత్తిడి ఎంతో ప్రతి నిమిషానికీ ఆమె అరిచి చెప్పింది. డెబ్భై. డెబ్భై. అరవై ఎనిమిది. ఆ ముసలామె గొంతు అంత అందంగా ఎప్పుడూ వినిపించలేదు.

పక్కింటివాళ్లు వచ్చి కంచె దగ్గర నిలబడ్డారు. వాళ్ల ఉత్తరాల పెట్టె గుద్దినందుకు క్షమాపణ చెప్పాను.

ఇరవై నిమిషాలయ్యాక ఆపేసింది. ఇద్దరికీ చెవులు గుయ్యిమంటున్నాయి. ఎలా ఉందంది. నాలుగొందల తొంభై ఆరు అన్నాను.

మే 18

కోల్ రన్. పొద్దున వాన. ట్రాకు ఎండేసరికి పదకొండు దాటింది. పందెం ముందు మామూలుగా రెండు మూడుసార్లు తోలి చూసుకోనిస్తారు. ఇవాళ ఒక్కసారే ఇచ్చారు. ఆ ఒక్కసారీ సగం దూరం నుంచి కాలు తీసెయ్యమని నేనే చెప్పాను, కొత్త ఇంజిను కదా. ఆమె తీసేసింది. దాంతో అసలు ఎంత వేగం పోతుందో ఎవరికీ తెలియలేదు.

మా ఆటలో ముందు గీత దాటినవాడు గెలిచినట్టు కాదు. నా కారు పావు మైలు ఇంత టైములో పోతుంది అని ముందే అద్దం మీద తెల్ల పాలిషుతో రాసి చూపించాలి. ఆ మాటకి ఎవరు దగ్గరగా పోతే వాళ్లది పందెం. రాసిన టైముకంటే వేగంగా పోయావా, ఓడిపోయినట్టే.

ఎంత రాయాలన్న దగ్గర పోట్లాడుకున్నాం. పది పాయింట్ ఆరు సెకన్లు అంది ఆర్డిత్. అంత పోదు, పది పాయింట్ తొమ్మిది రాయమన్నాను. సగం దాకా పోయినప్పుడు నా వీపు సీటుకి అతుక్కుపోయింది, నా వీపు అబద్ధం చెప్పదంది. నేను వినలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. రేపు ఈ ఇంజిను గురించి ఎవరేం అడిగినా నేను వేగం తక్కువే చెబుతాను, ఎక్కువ చెప్పే ధైర్యం ఇక లేదనిపించింది. ఆమె విసుక్కుని పది పాయింట్ తొమ్మిదే రాసింది.

పక్క లైనులో పోర్ట్స్‌మత్ నుంచి వచ్చిన కుర్రాడు, పికప్ ట్రక్కు. వాడు రాసిన టైము ఎక్కువ కాబట్టి ముందు వాణ్ని వదిలారు. తర్వాత ఆర్డిత్. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. పావు మైలు అవతల బోర్డు మీద అంకెలు వెలుగుతాయి, అవి నాకు మసక చుక్కలు. చూడాలని కూడా ప్రయత్నించలేదు. విన్నాను. మొదటి గేరు, రెండో గేరు, మూడు. ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా బరువు లేదు. అట్లాగే సాగి సాగి దూరమైపోయింది. ఆమె కాలు తీసినప్పుడు గాలి చప్పుడు మాత్రమే మిగిలింది. నాకు ఏడుపొచ్చింది, పక్కన గార్నెట్ ఉన్నా ఆపుకోలేదు.

వాడు బోర్డు చూసి, ఓరి నీ అని ఆగిపోయాడు. ఎంతరా అంటే చెప్పలేదు. ఆమే చెబుతుందిలే అన్నాడు.

ఆర్డిత్ తిరుగుదారిలో వచ్చి ఆపింది. హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకి అతుక్కుంది. టైము చీటీ నా మొహం ముందు ఊపింది, నేను చదవలేనని తెలిసీ.

“పది పాయింట్ అయిదు ఏడు,” అంది. “నువ్వు రాయించినదానికంటే ముప్పై మూడు వందో వంతులు వేగం. మొదటి రౌండులోనే ఇంటికి పంపించారు నన్ను. ఇంత ఘోరంగా జన్మలో ఓడిపోలేదు.”

ఆయిల్ ఒత్తిడి ఎంతుందని అడిగాను.

“అరవై ఎనిమిది. గీత దాటేదాకా అరవై ఎనిమిది.” చీటీ మడిచి నా జేబులో పెట్టింది. “నీ ఇంజినంటే నీకు నమ్మకం లేకపోతే పోనీ డెల్మర్. నేను కొలిచిన ఇంజిను అది. నా మాట ఎందుకు వినవు?”

పోర్ట్స్‌మత్ కుర్రాడు గెలిచి కూడా తలొంచుకుని పోయాడు. వాడికంటే మూడు కార్ల ముందు గీత దాటింది కదా ఈవిడ. గార్నెట్ అందరికీ వినపడేలా మధ్య రాడ్డుని తిట్టాడు. మధ్యాహ్నం రెండింటికే కారు ట్రెయిలరు మీదికెక్కించి బయల్దేరాం. ట్రక్కు ఆర్డిత్ తోలింది.

ఓడిపోయిన ఆదివారాలు మామూలుగా మేమిద్దరం దారిలో మాట్లాడుకోం. ఈరోజు ఇంటిదాకా ఒకరి మాటకి ఒకరం అడ్డం పడుతూనే ఉన్నాం. రెండో గేరు ఎక్కడ పడింది, ముందు చక్రాలు నేల విడిచాయా లేదా, కార్బురేటరు కాస్త పెద్దది వేస్తే ఏమవుతుంది. బాగా నవ్వుకున్నాం కూడా. ఇల్లు దగ్గరపడ్డాక, వచ్చే ఆదివారం పది పాయింట్ అయిదు అయిదు రాస్తానంది.

రాయమన్నాను.